కాక్‌పిట్ కింద చేతిరాత: ఒక జర్మన్ ఫైటర్ ఫోటోని చదివిన నా అనుభవం

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ ఫైటర్ విమానం ఒంటినిండా రాతలే. రెక్క మీద ఎక్కడ కాలు పెట్టకూడదో, ట్యాంకులో ఏ రకం పెట్రోలు పోయాలో ఫ్యాక్టరీలోనే అచ్చులు పెట్టి రాసేవాళ్ళు. యూనిట్‌కి చేరాక, విమానం పక్కన ఉండే జర్మన్ శిలువ గుర్తు దగ్గర అంకె, గీత పడేవి. ఈ రెండు రకాలకీ నిబంధనలున్నాయి. చార్టు దగ్గర పెట్టుకుంటే ఎవరైనా చదవొచ్చు. మూడో రకం వేరు. పైలటో, అతని మెకానిక్కో బ్రష్షు పట్టుకుని కాక్‌పిట్ కింద సొంతంగా రాసుకున్న మాట అది. దానికి చార్టు లేదు. నన్ను పట్టుకున్నది ఆ మూడో రకమే.

నేను హైదరాబాద్‌లో ఉన్నప్పటి నుంచి ప్లాస్టిక్ స్కేల్ మోడల్స్ చేస్తాను. ఉద్యోగం మ్యూనిక్‌కి తీసుకొచ్చాక కిట్లు సులువుగా దొరకడం మొదలైంది. ఒక చలికాలం ఫోకె-వుల్ఫ్ 190 డీ-9 కిట్ కొన్నాను. పొడవు ముక్కు విమానం అది. డెకాల్ షీట్‌లో, అంటే మోడల్ మీద అతికించే గుర్తుల కాగితంలో, ఎర్ర అంకె 1, దాని దగ్గర ఒక పొడుగాటి వాక్యం. జర్మన్ నేను బి2 స్థాయి దాకా చదివాను, ఆఫీసులో రోజూ మాట్లాడతాను. అయినా ఆ వాక్యం ముక్క అర్థం కాలేదు. ఫోన్‌లో అనువాదం చేయిస్తే అడ్డదిడ్డంగా వచ్చింది.

దాన్ని గట్టిగా చదివి వినిపించాక గానీ మా ఆఫీసులోని బవేరియా (మ్యూనిక్ ఉన్న దక్షిణాది రాష్ట్రం) అబ్బాయికి వెలగలేదు. కాగితం మీద చూసినప్పుడు వాడూ ఒక్క క్షణం ఆగాడు. చెవిన పడగానే నవ్వేశాడు. "ఫెర్‌కాఫ్ట్స్ మై గ్వాండ్, ఈ ఫోర్ ఇన్ హిమ్మెల్!" నా బట్టలు అమ్మేయండి, నేను స్వర్గానికి పోతున్నా అని అర్థం. పుస్తకాల జర్మన్ కాదది, బవేరియా, ఆస్ట్రియా వైపు పల్లె యాస. పట్టలేని సంతోషం వచ్చినప్పుడు, నమ్మలేనిది కళ్ళముందు జరిగినప్పుడు అక్కడివాళ్ళు ఇప్పటికీ అంటారట. చావు గురించి రాసుకున్నాడేమో అని నేను బరువుగా ఊహించుకుంటున్నాను. వాడి అమ్మమ్మ మాత్రం కేకు బాగా కుదిరినప్పుడు ఈ మాటే అనేదట.

1945 ఏప్రిల్‌లో, యుద్ధం ఆఖరి రోజుల్లో, ఆ విమానం మ్యూనిక్ శివార్లలోని రీమ్ ఎయిర్‌పోర్టులో ఉన్న జేవీ 44 అనే యూనిట్‌ది. యూనిట్ కమాండర్ ఆడాల్ఫ్ గాలండ్. వాళ్ళ అసలు విమానాలు మెసర్‌ష్మిట్ 262 జెట్లు. ఆ తొలి తరం జెట్ ఇంజన్లకి వేగం అందుకోవడానికి చాలా సమయం పట్టేది. అందుకని పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ శత్రు ఫైటర్లకి అవి తేలిగ్గా దొరికిపోయేవి. ఆ కాసేపూ కాపలా తిరగడానికే ఈ కొద్దిపాటి డీ-9లు. కింద నుంచి కాల్చే సొంత గన్నర్లు తమని శత్రువులనుకోకుండా వీటి పొట్ట మొత్తానికీ ఎర్ర రంగు వేసి తెల్ల చారలు గీశారు. తర్వాతి కాలంలో వీటికి 'చిలక దళం' అనే పేరు స్థిరపడింది.

ఆ చిలకలన్నిటి మీదా ఏదో ఒక వాక్యం ఉంది. హైంజ్ జాక్సెన్‌బర్గ్ నడిపిన ఎర్ర 1 మీద పైన చెప్పింది. వాల్డెమార్ వ్యూబ్కె నడిపిన ఎర్ర 3 మీద 'ఇమ్ ఆఫ్‌ట్రాగె డేర్ రైష్‌బాన్', అంటే రైల్వే శాఖ వారి ఆదేశానుసారం. ఇది నాకు వెంటనే పట్టుబడింది. ఎందుకంటే ఈరోజుకీ జర్మన్ ఆఫీసు ఉత్తరాల్లో సంతకం ముందు 'ఐ.ఏ.' అనే రెండు పొడి అక్షరాలు ఉంటాయి. అవి 'ఇమ్ ఆఫ్‌ట్రాగ్' అన్నదానికి సంక్షేపం. పై అధికారి తరఫున కింది ఉద్యోగి సంతకం పెడుతున్నాడని దానర్థం. నా వీసా ఉత్తరం మీద కూడా అదే ఉంది. దేశం కూలిపోతున్న ఆ నెలలో ఒక ఫైటర్ పైలట్ తన విమానం మీద ప్రభుత్వ గుమాస్తా భాషలో సంతకం చేశాడన్నమాట. ఎర్ర 4 మీద 'తర్వాతి పెద్దమనిషి, అదే అమ్మాయి'. పైలట్లు మారతారు, విమానం మారదు అన్న భావంతో రాశారని నేననుకుంటున్నాను. ఎర్ర 13 మీద ఉన్నది బూతు అర్థం ధ్వనించే మాట. దాన్ని ఇక్కడ పెట్టను.

నా పద్ధతికి పునాది పడింది జాక్సెన్‌బర్గ్ పుట్టిన ఊరు చూసినప్పుడు. యాసని బట్టి అతను బవేరియా మనిషే అయివుండాలనుకున్నాను. కాదు, డెస్సావ్‌లో పుట్టాడు. అది ఉత్తరాన, ఈ యాస మచ్చుకైనా వినపడని ప్రాంతం. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరుపొందిన పైలట్ గోట్‌హార్డ్ జాక్సెన్‌బర్గ్‌కి సోదరుడి కొడుకు. సోవియట్ వైపు తూర్పు రంగంలో, జేజీ 52 అనే పెద్ద ఫైటర్ దళంలోని ఆరో స్టాఫెల్ అనే చిన్న విభాగంలో ఏళ్ళ తరబడి ఎగిరాడు, 104 విమానాలు కూల్చినట్టు లెక్క. అలాంటి మనిషి విమానం మీద అచ్చమైన దక్షిణాది పల్లె మాట. ఆ వాక్యం అతని ఊరిది కాదు, విమానం నిలబడిన ఊరిది. రంగు డబ్బా పట్టుకున్నవాడిది కూడా కావచ్చు. అప్పటి నుంచి ఏ రాత చూసినా ముందు రెండు ప్రశ్నలు వేసుకుంటాను. ఎవరు రాశారు? ఎవరు చదవాలని రాశారు?

మన లారీల వెనక 'నన్ను చూసి ఏడవకురా' అని ఉంటే ఆ మాట డ్రైవర్‌దో, ఓనర్‌దో, పెయింటర్ దగ్గర తయారుగా ఉన్నదో బయటివాడికి తెలియదు. పిల్లల పేర్లు మాత్రం కచ్చితంగా ఓనర్ పిల్లలవే. జర్మన్ ఫైటర్ల మీద కూడా పేర్లు తేలిక. యోసెఫ్ ప్రిల్లర్ నల్ల 13 మీద ఆఠీన్ ఆసు బొమ్మ, దాని మీద 'యుట్టా', భార్యని పిలుచుకునే పేరు. గెర్‌హార్డ్ బార్క్‌హార్న్ విమానాల మీద 'క్రిస్ట్ల్', అదీ భార్య పేరే. 352 విమానాలు కూల్చాడని చెప్పే ఎరిక్ హార్ట్‌మన్ గీయించుకున్న గుండె బొమ్మలో 'ఉష్', అంటే ఉర్సులా, 1944 సెప్టెంబర్‌లో పెళ్ళి చేసుకున్న అమ్మాయి. మనిషి ఎవరో తెలిస్తే పేరు దానంతటదే విడిపోతుంది. మనిషి ఎవరో తెలియనప్పుడే అసలు పని.

నాకు అలాంటిది ఒకటి దొరికింది. మ్యూనిక్‌లో వసంతకాలంలో థెరేజియన్‌వీజ మైదానం నిండా పాత సామాన్ల సంత పెడతారు, అక్టోబర్ ఫెస్ట్ జరిగే చోటే. అక్కడ ఒకాయన అట్టపెట్టెలో పాత కుటుంబ ఫోటోలు పోసి అమ్ముతున్నాడు. పెళ్ళిళ్ళు, పిల్లలు, కుక్కలు, మధ్యమధ్యలో సైనికులు. అందులో అరచేతిలో పట్టే ఒక ఫోటో, అంచులు వంకీలుగా కత్తిరించి ఉన్నాయి. మెసర్‌ష్మిట్ 109 ఎడమ రెక్క మొదట్లో ఒక మెకానిక్ నిలబడి కెమెరా వైపు చూస్తున్నాడు. తోక మీద తెల్ల స్టిక్కర్ అతికించి ఉంది. జర్మనీలో స్వస్తిక గుర్తుని బహిరంగంగా చూపడం నేరం. అందుకే సంతల్లో అమ్మేవాళ్ళు ఇలా స్టిక్కర్లు వేస్తారు, కిట్ల డెకాల్స్‌లో కూడా ఆ గుర్తుని ముక్కలుగా విడగొట్టి ఇస్తారు. మెకానిక్ మోచేతి పక్కన, కాక్‌పిట్ అంచు కింద, తెల్ల రంగుతో చేతిరాత. ఒక మాట పూర్తిగా కనపడుతోంది, రెండో మాటలో మొదటి అక్షరం తర్వాత మోచెయ్యి అడ్డం. వెనక పెన్సిల్‌తో ఒక పొట్టి లైను. ఏ మాటా చదవలేకపోయాను. కొనేశాను.

ఇంటికొచ్చి ముందూ వెనకా స్కాన్ చేశాను. స్కానర్ ఎంత ఎక్కువ రిజల్యూషన్ ఇస్తే అంతా పెట్టాను, ఎందుకంటే ఆ రాత మొత్తం ఫోటోలో గోరంత కూడా లేదు. రంగు సరిదిద్దడం, షార్ప్ చేయడం లాంటివి మాత్రం అసలు ఫైలు మీద చేయకూడదు. కంప్యూటర్ అంచులకి గీతలు కల్పిస్తుంది, ఆ గీతలనే మనం అక్షరాలుగా చదివేస్తాం. ఈ మధ్య ఏఐ యాప్‌లతో పాత ఫోటోలు 'బాగుచేసి' రాతలు చదివామనే వాళ్ళు ఎక్కువయ్యారు. ఆ రాతలు యాప్ పుట్టించినవి. వాటిని సాక్ష్యంగా నేను ఒప్పుకోను.

రాత జోలికి పోకుండా మొదట విమానాన్ని చదివాను. ఇంజన్ కవర్ మీద కాక్‌పిట్ ముందు ఒక గుండ్రటి బుడిపె స్పష్టంగా ఉంది. 7.92 మిల్లీమీటర్ల గన్నులు తీసేసి 13 మిల్లీమీటర్ల ఎంజీ 131 గన్నులు పెట్టినప్పుడు వాటి వెనక భాగం కవర్ కింద పట్టక ఈ బుడిపెలు పెట్టాల్సి వచ్చింది. అంటే ఇది జీ-6 రకం, 1943 నుంచి వచ్చినది. శిలువ వెనక అడ్డగీత ఉంది, కాబట్టి దళంలో రెండో గ్రూపు. తోకకి ముందు ఒంటి చుట్టూ వెడల్పాటి పట్టీ ఉంది. ఇది తెలుపైతే మధ్యధరా ప్రాంతం, పసుపైతే సోవియట్ యూనియన్ మీద జరిగిన తూర్పు యుద్ధరంగం. నలుపు తెలుపు ఫోటోలో తెలుపెలా ఉంటుందో చూడ్డానికి శిలువ అంచు ఉంది. పసుపెలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? ఇక్కడ ఫ్యాక్టరీ రాత ఆదుకుంది. పెట్రోలు మూత దగ్గర పసుపు త్రికోణం గీసి అందులో ఆక్టేన్ అంకె రాస్తారు. ఆ త్రికోణం బూడిద రంగూ, పట్టీ బూడిద రంగూ ఒకటే. అంకె 7 కూడా అదే ఛాయలో ఉంది.

రంగుల విషయంలో ఫిల్మ్ రకం చాలా ముఖ్యం. ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనపడదు, దాన్ని నల్లగా చూపిస్తుంది. పాంక్రొమాటిక్ ఫిల్మ్ అన్ని రంగుల్నీ పట్టుకుంటుంది. ఒకే విమానాన్ని ఒక పుస్తకం 'నల్ల 5' అనీ ఇంకొకటి 'ఎర్ర 5' అనీ వేయడానికి చాలాసార్లు ఇదే కారణం. అందుకే ఒక ఫోటోలో రంగుని అదే ఫోటోలో తెలిసిన రంగుతో మాత్రమే పోల్చాలి, ఇంకో ఫోటోతో పోల్చకూడదు.

రెండో గ్రూపు, పసుపు అంకె. ఒక్కో గ్రూపులో మూడేసి స్టాఫెల్‌లు, మూడోదానికి పసుపు అంకె. అంటే ఇది ఆరో స్టాఫెల్. ఇక్కడ మనసు ఆగలేదు. తూర్పు రంగం, ఆరో స్టాఫెల్, జాక్సెన్‌బర్గ్ ఎగిరింది కూడా ఆరో స్టాఫెల్‌లోనే. కానీ ప్రతి యూనిట్‌కీ ఒక ఆరో స్టాఫెల్ ఉంటుంది. ఫోటోలో యూనిట్ బొమ్మ ఏదీ లేదు. జేజీ 54 అయితే ఆకుపచ్చ గుండె, జేజీ 53 అయితే ఇస్పేట్ ఆసు, ఇలా ఏదైనా కనపడితే చెప్పొచ్చు. లేనప్పుడు నోరు మూసుకోవాలి. పేరున్న పైలట్‌తో ముడిపెడితే ఇలాంటి ఫోటో ధర పెరుగుతుంది, అందుకే సంతల్లోనూ వేలంపాటల్లోనూ ఈ ముడులు తేలిగ్గా పడిపోతుంటాయి. నేను ఆ పని చేయదలుచుకోలేదు.

ఇక రాత. అది మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లా లేదు, రంపం పళ్ళలా వరుసగా గీతలు. అది జూటర్లిన్ లిపి. లుడ్విగ్ జూటర్లిన్ అనే చిత్రకారుడు ప్రష్యా ప్రభుత్వం కోరితే 1911లో బడిపిల్లల కోసం తయారుచేసిన చేతిరాత అది. 1915 నుంచి బడుల్లో పెట్టారు, 1941లో నాజీ ప్రభుత్వమే మాన్పించింది. కాబట్టి 1943లో ఇరవై, పాతికేళ్ళున్న పైలటైనా మెకానిక్కైనా బడిలో నేర్చుకున్నది ఇదే. అందులో 'ఎన్'కి రెండు గీతలు, 'ఎమ్'కి మూడు, 'యు'కి రెండు, 'ఐ'కి ఒకటి. 'ఇ' కూడా రెండు గీతల్లానే ఉంటుంది, కొత్తవాళ్ళు దాన్ని ఎన్ అనే చదువుతారు. ఎన్‌కీ యుకీ తేడా తెలియడానికి యు నెత్తిన ఒక చిన్న విల్లు పెడతారు. ఐ మీద చుక్క.

నాకు దొరికిన మొదటి మాటలో ముందు పెద్ద హెచ్, తర్వాత పళ్ళ వరుస, చివర ఎల్. రెండో మాటలో కూడా పెద్ద హెచ్ కనపడి మోచేతి వెనక్కి పోయింది. బవేరియా అబ్బాయికి చూపిస్తే సందేహమే లేదన్నాడు: "హిమ్మెల్ హెర్‌గాట్!" స్వర్గం, దేవుడు అని ఆ రెండు మాటలు కలిపి వాళ్ళ వైపు తిట్టుగా వాడతారు. బాగా అతికినట్టే ఉంది. హిమ్మెల్ అంటే ఆకాశం కూడా కదా, విమానం మీద ఆకాశం అని ఉండడంలో వింతేముంది? పైగా ఎర్ర 1 వాక్యంలో కూడా హిమ్మెల్ ఉంది.

అయినా గీతలు లెక్కపెట్టాను. హిమ్మెల్ అయితే హెచ్‌కీ ఎల్‌కీ మధ్య ఐకి ఒకటి, రెండు ఎమ్‌లకి ఆరు, ఇకి రెండు, మొత్తం తొమ్మిది గీతలుండాలి. స్కాన్‌ని పెద్దది చేసి, పల్చటి కాగితం మీద ప్రింట్ తీసి, సూది మొనతో ఒక్కో గీతా గుచ్చుకుంటూ పోయాను. పది వస్తోంది. మళ్ళీ అదే. అక్షరాల నెత్తిన ఉన్న మచ్చ సంగతి చూశాను. అప్పటిదాకా చుక్క అనుకున్నది పెద్దది చేస్తే చుక్కలా గుండ్రంగా లేదు, అడ్డంగా సాగి రెండు కొసలూ పైకి లేచి ఉంది. విల్లు. ఆ అక్షరం ఐ కాదు, యు. మాట 'హుమ్మెల్'.

డిక్షనరీలో హుమ్మెల్ అంటే తుమ్మెద జాతి బొద్దు ఈగ. ఎగిరేది, గుయ్యిమనేది, కుట్టేది. ఫైటర్‌కి పేరుగా సరిపోతుంది. కానీ రెండో హెచ్ సంగతేంటి?

దీనికి జవాబు మా అపార్ట్‌మెంట్‌లోనే, కింది అంతస్తులో ఉంది. తొంభై దాటిన పెద్దావిడ ఆవిడ. సూపర్ మార్కెట్ సంచులు మోసిపెడుతూ పరిచయం. వెనక వైపు పెన్సిల్ లైను చదివిపెడతారా అని అడగడానికి వెళ్ళాను. బడిలో ఆ లిపి నేర్చుకున్న చివరి తరం మనిషి. భూతద్దం తెచ్చుకుని పెన్సిల్ రాత తడుముకోకుండా చదివింది: "మైన్ ఎర్‌స్టర్ వార్ట్, జొమ్మర్ 43." నా మొదటి మెకానిక్, 43 వేసవి. ప్రతి ఫైటర్‌కీ బాధ్యుడైన ఒక ప్రధాన మెకానిక్ ఉండేవాడు, అతన్ని 'ఎర్‌స్టర్ వార్ట్' అనేవాళ్ళు. కాబట్టి ఈ ఫోటో దాచుకున్నవాడు పైలట్, కనపడుతున్నవాడు అతని మెకానిక్.

మాటల్లో మాటగా, ముందు వైపు 'హుమ్మెల్' అని ఉందండీ, దాని తర్వాత ఇంకో హెచ్ ఉంది అన్నాను. ఆవిడ తలెత్తి, "మోర్స్, మోర్స్!" అంది. నాకేమీ అర్థం కాలేదు. "నేను హాంబుర్గ్ పిల్లని నాయనా. 'హుమ్మెల్ హుమ్మెల్' అని ఎవరైనా అంటే ఊరుకోలేం, 'మోర్స్ మోర్స్' అనేస్తాం" అంది.

పందొమ్మిదో శతాబ్దపు హాంబుర్గ్‌లో యోహాన్ విల్‌హెల్మ్ బెంట్స్ అని నీళ్ళు మోసేవాడుండేవాడు. చేతులు రెండూ నీళ్ళ కడవలతో ఖాళీ లేకుండా వెళ్తుంటే వీధి పిల్లలు 'హుమ్మెల్, హుమ్మెల్' అని ఏడిపించేవాళ్ళు. చెయ్యెత్తి కొట్టలేడు కాబట్టి 'మోర్స్' అని పిర్ర పేరెత్తి తిట్టేవాడు. ఆ కవ్వింపూ ఆ తిట్టూ కలిసి ఊరు ఊరంతటికీ పలకరింపు అయిపోయాయి. ఊరికి దూరంగా ఉన్నప్పుడు హాంబుర్గ్ వాళ్ళు ఒకరినొకరు గుర్తుపట్టేది ఆ పిలుపుతోనే. పిలుపు విమానం మీద ఉంది, బదులు చదివినవాడు ఇవ్వాలి. ఎవరు చదవాలని రాశారన్న నా రెండో ప్రశ్నకి ఇంత సూటి జవాబు మళ్ళీ దొరకదు. ఆ మైదానంలో తన ఊరివాడు ఇంకొకడుంటే వినాలని రాసిన మాట అది.

1943 వేసవి అని వెనక రాసి ఉంది కదా. ఆ జూలై 24 రాత్రి మొదలుపెట్టి ఆగస్టు 3 దాకా బ్రిటిష్, అమెరికన్ బాంబర్లు హాంబుర్గ్ మీద పడ్డాయి. జూలై 27 రాత్రి లేచిన మంటల తుఫానులో హమ్మర్‌బ్రూక్ లాంటి పేటలు పేటలే తగలబడిపోయాయి. మొత్తం చచ్చిపోయినవాళ్ళు ముప్ఫై వేల పైమాటే. ఆవిడ అప్పుడు చిన్నపిల్ల. మిగతా బడిపిల్లలతో పాటు పల్లెకి పంపేశారు కాబట్టి బతికింది. ఆ మాట విమానం మీద రాసింది దాడికి ముందో తర్వాతో ఫోటో చెప్పదు. పసుపు పట్టీ చెప్పేది కూడా మరిచిపోకూడదు. ఆ విమానం తిరిగిన చోటు జర్మనీ కాదు, జర్మనీ దండెత్తి ఆక్రమించిన సోవియట్ నేల. అక్కడ నాజీ సైన్యం చేసిన హత్యాకాండకి కాపలాగా ఎగిరిన ఫైటర్ అది. ఊరి మీద బెంగతో రాసుకున్న మాటని చదవడానికి నేను ఇంత కష్టపడ్డాను కాబట్టే ఆ సంగతి కూడా చెప్పాలి. ఆవిడ ఫోటో తిరిగిస్తూ తోక మీద స్టిక్కర్ చూపించి, "దాన్ని మాత్రం తియ్యకు" అంది. తియ్యలేదు.

మొదటి ప్రశ్న మిగిలింది. రాసినవాడెవరు, పైలటా, మెకానిక్కా? దీనికి ఫోటో ముందూ వెనకా కలిపి ఒక ఆధారం ఇచ్చింది. పెన్సిల్ లైనులో 'జొమ్మర్' ఉంది, విమానం మీద 'హుమ్మెల్' ఉంది. రెండింటిలోనూ రెండు ఎమ్‌లు, ఒక ఇ పక్కపక్కనే వస్తాయి. రెండు స్కాన్లూ ఒకే సైజుకి తెచ్చి పక్కపక్కన పెట్టాను. పైలట్ పెన్సిల్‌తో రెండు ఎమ్‌లు రాయలేదు. ఒక్క ఎమ్ రాసి దాని నెత్తిన అడ్డగీత గీశాడు, అక్షరం రెట్టింపు అని చెప్పే పాత అలవాటు అది. విమానం మీద రాసినవాడు ఆరు గీతలూ ఓపిగ్గా గీశాడు. బ్రష్షుతో రాసేటప్పుడు చెయ్యి మారుతుంది, దూరం నుంచి కనపడాలని విడదీసి రాస్తారు, కాబట్టి దీన్ని రుజువు అనను. కానీ బ్రష్షు పట్టుకున్నది రెక్క మీద నిలబడిన ఆ మెకానిక్కే అని నా నమ్మకం. హాంబుర్గ్ వాడు కూడా అతనే కావచ్చు.

పేర్ల కోసం వెతకడానికి దారి పెద్దగా లేదు. లుఫ్ట్‌వాఫ, అంటే జర్మన్ వైమానిక దళం, రికార్డుల్లో ఎక్కువ భాగం యుద్ధం చివర్లో తగలబెట్టేశారు. మిగిలినవి ఫ్రైబుర్గ్‌లోని సైనిక ఆర్కైవ్‌లో ఉన్నాయి. సైనికుల వ్యక్తిగత వివరాలుండే బెర్లిన్ కార్యాలయం 2019 నుంచి జాతీయ ఆర్కైవ్‌లో కలిసిపోయింది. కానీ అక్కడ అడగాలంటే మన చేతిలో పేరో పుట్టినతేదీయో ఉండాలి. నా దగ్గర ఉన్నది ఒక మోచెయ్యి, ఒక పలకరింపు.

రాత ఎప్పుడు పడిందన్నది కూడా చూసుకోవాలి. 1945లో అమెరికన్లు పట్టుకెళ్ళిన మెసర్‌ష్మిట్ 262ల ముక్కుల మీద 'మార్జ్', 'పాలీన్' లాంటి పేర్లు కనపడతాయి. అవి జర్మన్ పైలట్ల ప్రియురాళ్ళవి కావు, వాటిని బాగుచేసిన అమెరికన్ సిబ్బంది రాసుకున్నవి. నా ఫోటోకి ఆ చిక్కు లేదు, వెనక తేదీ ఉంది కాబట్టి.

విమానం మీది రాత విమానం కంటే ఎక్కువ కథ మోయడం మన ఊరి విషయంలోనూ జరిగింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వాళ్ళ 110వ స్క్వాడ్రన్‌కి డీహెచ్ 9ఏ బాంబర్లు కొన్నారు. వాటన్నిటి మీదా నిజాం బహూకరించినవని రాశారు, అందుకే అది హైదరాబాద్ స్క్వాడ్రన్ అయింది. అందులో ఎఫ్1010 అనే విమానం 1918 అక్టోబర్‌లో జర్మన్లకి చిక్కి బెర్లిన్ మ్యూజియంలో చేరింది. రెండో యుద్ధంలో పోలండ్‌కి తరలిపోయి, చివరికి లండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంకి వచ్చింది. ఈ సంగతి తెలిశాక లండన్ వెళ్ళి దాన్ని చూడాలని గట్టిగా ఉంది.

రీమ్ మాత్రం వెళ్ళి చూశాను. ఎయిర్‌పోర్టు 1992లో మూసేశారు. ఇప్పుడక్కడ ఎగ్జిబిషన్ హాళ్ళు, షాపింగ్ మాల్, అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, యు2 మెట్రో నేరుగా పోతుంది. పాత కంట్రోల్ టవర్ ఒకటి నిలిచి ఉంది. చిలక దళం గురించి చెప్పే బోర్డేదీ నా కంట పడలేదు.

హాంబుర్గ్ ఫోటోకి మోడల్ చేయమని స్నేహితులు అడుగుతున్నారు. రెండో మాట మోచేతి వెనక ఉంది. అక్షరాల సైజెంత, రెండో హుమ్మెల్ తర్వాత ఆశ్చర్యార్థకం ఉందా లేదా అన్నది నేను కల్పించాలి, కల్పించి డెకాల్ వేస్తే రేపు ఇంకెవరో దాన్నే ఆధారంగా చూపిస్తారు. అందుకని చేయడం లేదు. స్కాన్ ఫైలుకి మాత్రం వివరాలు రాసి పెట్టాను. రకం జీ-6, ఆరో స్టాఫెల్, తూర్పు రంగం, 1943 వేసవి, ఇవి ఫోటో నుంచి తేలినవి. రాత 'హుమ్మెల్ హ...', రెండో మాట ఊహ. రాసిన చెయ్యి బహుశా మెకానిక్‌ది. యూనిట్ అన్నచోటా, పైలట్ అన్నచోటా ఖాళీ వదిలాను.